డైరీ సంక్రాంతి దాకా కూడా సాగడం లేదు, రాసినా తిట్లే వస్తున్నాయి. దీనివల్ల నిజంగా ఏమైనా ఉపయోగం ఉందా?

ప్రశ్న అడిగింది ఒడిశాలోని రాయగడ నుంచి ఒక తమ్ముడు. వయసు 29, ప్రైవేటు కంపెనీలో షిఫ్ట్ సూపర్‌వైజరు. ఏటా జనవరి ఒకటిన ఎవరో ఇచ్చిన డైరీలో రాయడం మొదలుపెడతారు, పండక్కి ఊరెళ్లి వచ్చేసరికి అది ఆగిపోతుంది. రాసిన నాలుగు పేజీలు తిరగేస్తే మేనేజరు మీద తిట్లు, తన మీద తనకు జాలి. రాత్రి పడుకోబోయే ముందు రాస్తే వచ్చే నిద్ర కూడా పోతోంది. ఇంట్లో తెలుగు, చదువు ఒడియా మీడియం, ఆఫీసులో ఇంగ్లీషు మెయిళ్లు. ఏ భాషలో రాయాలో తేలడం లేదు. వీటన్నిటి కింద ఉన్న అసలు అనుమానం: "డైరీ రాస్తే మనిషి బాగుపడతాడన్నది నిజమా, లేక యూట్యూబ్ కబుర్లా?"

సూటిగా చెప్తాను. నిజమే, కానీ ఒక షరతు ఉంది. రాసింది కొన్నాళ్లకు మళ్లీ చదవాలి, అందులోంచి ఒక్క చిన్న మార్పు పట్టుకుని చేసి చూడాలి. ఈ రెండో సగం లేకపోతే డైరీ గుండె బరువు దింపుకునే చోటుగా మిగులుతుంది. అదీ మంచిదే, తప్పు పట్టను. కాకపోతే మీరు అడిగిన ఎదుగుదల దానివల్ల రాదు. రోజూ రాయాల్సిన పని లేదు. జనవరి ఒకటి కోసం ఆగాల్సిన పని అసలే లేదు.

నేనెవరినో చెప్పాలి కదా. మీ పక్కనున్న గజపతి జిల్లాలో ఉపాధ్యాయ శిక్షణలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. టీచర్లు కాబోయే పిల్లలు ఇంటర్న్‌షిప్‌కి బడులకు వెళ్లినప్పుడు రిఫ్లెక్టివ్ జర్నల్ అని ఒకటి రాయాలి. రోజు గడిచాక ఏం జరిగింది, ఏం నేర్చుకున్నాను అని. ఆ పుస్తకాలు కట్టలు కట్టలుగా నా బల్ల మీదికి వచ్చేవి. మార్కుల కోసం రాసినవి ఎలా ఉంటాయో, రాసినవాళ్లకు నిజంగా పనికొచ్చినవి ఎలా ఉంటాయో వాటిని చదివే తెలుసుకున్నాను. నేను సైకాలజిస్టును కాను. ఆ వైపు జాగ్రత్తలు మాత్రం కింద చెప్తాను, అవి దాటేయకండి.

మీ డైరీ తిట్ల పుస్తకం ఎందుకు అవుతోంది

మీరు పంపిన నమూనా వాక్యం చూశాను: "ఈరోజు కూడా సార్ అందరి ముందూ అవమానించాడు. నాకు విలువ లేదు." ఇందులో ఏం జరిగిందో లేదు. జరిగినదాని మీద మీరిచ్చిన తీర్పు ఉంది. తీర్పును ఎన్నిసార్లు చదివినా అదే తీర్పు, దానితోపాటు అదే కోపం. మూడు నెలల తర్వాత ఆ పేజీ తీస్తే సార్ ఏమన్నాడో మీకే గుర్తుండదు. అవమానం మాత్రం నిన్న జరిగినట్టే ఉంటుంది.

మా ట్రైనీల జర్నళ్లలోనూ ఇదే కనిపించేది. "పిల్లలు సహకరించలేదు." "పాఠం బాగా జరిగింది." ఇంటర్న్‌షిప్ అంతా ఈ రెండు వాక్యాలతో లాగించినవాళ్లు ఉన్నారు. నేను పక్కన ఎర్ర పెన్నుతో ఎప్పుడూ ఒకటే రాసేదాన్ని: ఏ పిల్ల? ఏమంది? మీరు ఏమన్నారు?

కాశీనగర్ వైపు తెలుగింటి అమ్మాయి ఒకామెను కొండమీది సవర పల్లె బడికి వేశారు. ఇంట్లో సవర మాట్లాడే పిల్లలు, ఒడియాలో పాఠం, చెప్పేది తెలుగమ్మాయి. కష్టమే, ఒప్పుకుంటాను. మొదటి వారమంతా "లెక్కలు అర్థం చేసుకోవడం లేదు" అని రాసింది. నా ఎర్ర పెన్నుతో విసుగెత్తి ఒకరోజు ఉన్నదున్నట్టు రాసుకొచ్చింది. మూడో వరసలో కూర్చున్న పిల్లకు 42లోంచి 17 తీసెయ్యమని బోర్డు మీద ఇచ్చింది. ఆ పిల్ల 35 వేసింది. ఇంకో ఇద్దరూ అదే వేశారు. జర్నల్లో తన మాట కూడా రాసుకుంది: "పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసెయ్యాలి అని ఉదయమే చెప్పాను, అయినా రాలేదు."

ఆ పేజీ తననే గట్టిగా చదవమన్నాను. రెండోసారి చదువుతూ మధ్యలో ఆగిపోయింది. ఒకట్ల స్థానంలో 2, 7 ఉన్నాయి. పెద్దది 7, చిన్నది 2. తీసేస్తే 5. పదుల్లో 4లోంచి 1 పోతే 3. మొత్తం 35. పిల్లలు టీచరు చెప్పింది చెప్పినట్టే చేశారు! మర్నాడు చీపురు పుల్లలు పదేసి చొప్పున కట్టలు కట్టి పట్టుకెళ్లింది. నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు. ఒక కట్ట విప్పితే మూడు కట్టలు, పన్నెండు పుల్లలు. అందులోంచి ఏడు తీయించింది.

తను వాడిన వాక్యం అక్షరం పోకుండా కాగితం మీద ఉండబట్టే అది దొరికింది. "లెక్కలు రావడం లేదు" అని మాత్రమే రాసుంటే ఏడాది పొడవునా పిల్లలదే తప్పుగా ఉండిపోయేది. కాబట్టి మీకు నా మొదటి మాట: ఎదుటివాళ్లు అన్న మాట, మీరు అన్న మాట, వీలైనంతవరకు అవే మాటల్లో రాయండి. టైము, చోటు, పక్కన ఎవరున్నారు, అంతకుముందు ఏం జరిగింది. అవమానం, కోపం, భయం కూడా రాయండి. కానీ జరిగినదాని తర్వాత రాయండి, దాని బదులు రాయకండి.

పాతకాలం వాళ్లు మనకంటే ఈ పనిలో నేర్పరులు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి మరుసటేడు పూరీ, గంజాం మీదుగా, అంటే మన దారినే, తిరిగి వెళ్లారు. మజిలీ మజిలీకీ ఊళ్లో అంగళ్లు ఉన్నాయా, నీళ్లు ఎలాంటివి, దారి ఎలా ఉంది అని రాసుకుంటూ పోయారు. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ 'కాశీయాత్ర చరిత్ర' చదవబుద్ధవుతుందంటే ఆ వివరాల వల్లే. మీ షిఫ్టు కూడా అలా రాయొచ్చు.

ఏం రాయాలి: మూడు ప్రశ్నలు చాలు

శిక్షణలో మేం గిబ్స్ అనే ఆయన 1988లో ఇచ్చిన పద్ధతి చెప్పేవాళ్లం. అందులో ఆరు మెట్లు: జరిగింది, అనిపించింది, మంచిచెడ్డలు, విశ్లేషణ, తేలింది, ఇకమీద చేసేది. పద్ధతి మంచిదే. కానీ ఆరు గళ్లు కనిపిస్తే మనవాళ్లు రేషన్ కార్డు ఫారం నింపినట్టు నింపేస్తారు. నాలుగో గడి దగ్గరికి వచ్చేసరికి బుర్ర పనిచేయదు, పెన్ను మాత్రం కదులుతూ ఉంటుంది. అందుకని నేను మూడుకి కుదించాను.

ఏం జరిగింది, మాటలతో సహా?

అదే గదిలో ఉన్న ఇంకొకరు చూస్తే ఇది ఎలా కనిపించి ఉంటుంది?

వచ్చేసారి నేను ఏ ఒక్కటి వేరుగా చేస్తాను?

రెండో ప్రశ్న చాలామందికి ఎక్కదు. మీ మేనేజరు పక్షం వహించమని నేను అనడం లేదు. మీ ఇద్దరినీ చూస్తున్న మూడో మనిషి, మెషీన్ దగ్గరున్న హెల్పరు అనుకోండి, ఇంటికెళ్లి భార్యకు ఈ సంగతి ఎలా చెబుతాడో రాయండి. ఇంకో ఉపాయం: "నేను" అనే చోట మీ పేరే పెట్టి రాయడం. ఫలానావాడు ఇవాళ ఇలా అన్నాడు, అప్పుడు అతనికి ఒళ్లు మండింది, అని. మొదట నాటకంలా ఉంటుంది, నవ్వొస్తుంది. కానీ మన గొడవను మనం కాస్త దూరం నుంచి చూసుకుంటే వేడి తగ్గుతుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు పరిశీలించి చెప్పిన మాటే ఇది. మిత్రుడి కష్టానికి సలహా చెప్పడం మనకు ఎంత తేలికో మీకు తెలుసుగా.

మూడో ప్రశ్నకు జవాబు ఎంత చిన్నదైతే అంత మంచిది. "ఇకనుంచి ఓపిగ్గా ఉంటాను" అనేది జవాబు కాదు, దాన్ని ఎవరూ సరిచూడలేరు. "రేపు షిఫ్టు మారేటప్పుడు బ్రేక్‌డౌన్ సంగతి ఆయన అడగకముందే నేనే చెప్తాను" అనేది జవాబు. చేశారో లేదో రేపు సాయంత్రానికి తెలిసిపోతుంది.

ఎప్పుడు, ఎంత

వారానికి రెండు మూడు సార్లు, పావుగంట. అంతకు మించి వద్దు, ముఖ్యంగా మొదట్లో. ఏదైనా గట్టిగా తగిలిన రోజున రాయండి. కోపం వచ్చిన రోజు, సిగ్గుపడ్డ రోజు, ఊహించని మెప్పు వచ్చిన రోజు. ఏమీ జరగని రోజున "లేచాను, తిన్నాను, పడుకున్నాను" అని రాయబట్టే సంక్రాంతికి విసుగొచ్చి ఆగిపోతోంది. తేదీలు అచ్చువేసిన డైరీ వాడకండి. ఖాళీ పేజీలు కనిపిస్తే అప్పు కట్టనట్టు ఉంటుంది. అది పాలు, పేపరు లెక్కకు ఉంచుకుని, రాయడానికి మామూలు రూళ్ల నోటుబుక్కు కొనుక్కోండి.

రోజూ రాయక్కర్లేదని నా బద్ధకం కొద్దీ చెప్పడం లేదు. ఈ రాత వైద్యం మీద మొదటి పేరున్న ప్రయోగం అమెరికాలో జేమ్స్ పెనెబేకర్, శాండ్రా బీల్ చేసింది, 1986లో అచ్చయింది. కాలేజీ విద్యార్థుల చేత మనసుకు తగిలిన సంగతుల గురించి రోజుకు పావుగంట చొప్పున వరసగా నాలుగు రోజులు రాయించారు. నాలుగే రోజులు. జరిగిందీ, దానివల్ల అనిపించిందీ రెండూ కలిపి రాసినవాళ్లు ఆ తర్వాతి నెలల్లో కాలేజీ ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్లారు. మీకు ముఖ్యమైన ముక్క ఇంకొకటి ఉంది. రాసిన వెంటనే వాళ్లకు హాయిగా అనిపించలేదు, ఇంకాస్త దిగులేసింది. కాబట్టి రాయగానే మనసు బరువెక్కడం మీ ఒక్కరికే వచ్చిన జబ్బు కాదు.

అలాగని దీన్ని సర్వరోగ నివారిణి అనుకోకండి. ఇలాంటి 146 అధ్యయనాలను కలిపి 2006లో ఫ్రట్టరోలి అనే పరిశోధకురాలు లెక్కగట్టారు. సగటున లాభం ఉంది, కానీ చిన్నది. "డైరీ నా జీవితాన్ని మార్చేసింది" అని వీడియోల్లో చెప్పేవాళ్లను చూసినప్పుడు ఆ "చిన్నది" అన్న మాట గుర్తుపెట్టుకోండి.

ఇక మీ నిద్ర సంగతి. పడుకునే ముందు గొడవలు రాయకండి. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, టీ తాగాక రాసుకోండి. నైట్ షిఫ్టు వారమైతే మర్నాడు నిద్ర లేచాక. పడుకోబోయే ముందు చేయి ఊరుకోకపోతే రేపు చేయాల్సిన పనుల జాబితా రాయండి, ఐదు నిమిషాలు. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో 57 మంది మీద దీన్ని పరీక్షించి 2018లో ప్రచురించారు. అయిపోయిన పనులు రాసుకున్నవాళ్ల కంటే, చేయాల్సిన పనులు రాసుకున్నవాళ్లకు సగటున 9 నిమిషాలు ముందే నిద్ర పట్టింది. జాబితా ఎంత వివరంగా ఉంటే అంత త్వరగా పట్టిందట. నామటుకు నేను "గ్యాస్ బుక్ చేయాలి" దగ్గర్నుంచి "పాతపట్నంలో కళ్లజోడు తెచ్చుకోవాలి" దాకా అన్నీ రాసేసి పడుకుంటాను.

ఎడమ పేజీ ఖాళీగా వదలండి

నన్ను అడిగిన పిల్లలందరి చేతా చేయించింది ఇదొక్కటే, ఇప్పటికీ నేను చేస్తున్నదీ ఇదే. నోటుబుక్కు తెరిస్తే కుడివైపు పేజీలోనే రాయండి. ఎడమవైపు వదిలేయండి. నెలకోసారి, ఏ ఆదివారమో తీరిగ్గా కూర్చుని, వేరే రంగు పెన్ను పట్టుకుని ఆ నెల పేజీలన్నీ ఒక్కసారిగా చదవండి. చదువుతూ తోచింది ఎడమవైపు రాయండి. కుడివైపు ఉన్నది దిద్దకండి, కొట్టేయకండి. ఆ రోజు మీకు అలాగే అనిపించింది, దాన్ని అలాగే ఉండనివ్వండి.

ఒక్కో పేజీ విడిగా చదివితే సంఘటన కనిపిస్తుంది. నెల మొత్తం వరసగా చదివితే వరస కనిపిస్తుంది. పర్లాకిమిడిలో నాకు తెలిసినాయన ఒకరు, బట్టల కొట్టు, అన్నదమ్ములిద్దరిదీ. తమ్ముడితో రోజూ తగాదా అని వాళ్లమ్మాయి నా దగ్గరికి తీసుకొచ్చింది. ఆయన్ని డైరీ రాయమంటే ఒప్పుకోలేదు, "ఆడపిల్లల పని" అన్నారు. సరే, ఖాతా పుస్తకం వెనక నుంచి రాయండి, తగాదా అయిన రోజు నాలుగు ముక్కలు చాలు అన్నాను. రాశారు. ప్రతి ఎంట్రీలోనూ "వాడికి బాధ్యత లేదు" అనే మాట ఉంది. నెల తర్వాత ఎడమవైపు ఏం రాయాలో తోచడం లేదంటే, పోనీ తేదీల పక్కన ఆ రోజు కొట్లో ఇంకేం జరిగిందో ఖాతా చూసి వేయండి అన్నాను. ముందువైపు ఖాతా, వెనకవైపు తగాదా, ఒకే పుస్తకం కదా. పెద్ద తగాదాలన్నీ బరంపురం హోల్‌సేల్ వాళ్ల మనిషి వసూలుకు వచ్చిన రోజునో, ముందు రోజునో పడ్డాయి.

తమ్ముడి బాధ్యత సంగతి దేవుడెరుగు, ఈయనకు చెల్లింపు టెన్షన్. వసూలుకు రెండు రోజుల ముందే ఇద్దరూ కూర్చుని లెక్క చూసుకోవడం, వసూలు రోజున కౌంటర్ మీద డబ్బు మాట ఎత్తకపోవడం, ఇదీ ఆయన ఎడమ పేజీలో రాసుకున్న నిర్ణయం. తగాదాలు పూర్తిగా పోలేదు, అన్నదమ్ములన్నాక పోవు కూడా. తగ్గాయి. ఇదే సంగతి నేనో, వాళ్లమ్మాయో మొదటి రోజే నోటితో చెప్పి ఉంటే ఆయన మమ్మల్ని కొట్లోంచి పంపేసేవారు. తన చేతిరాత చెప్పింది కాబట్టి విన్నారు.

చదివేటప్పుడు ఒకటి గమనించండి. ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తోందా? "ఎప్పుడూ", "అందరూ", "నాకే" లాంటి మాటలు కనిపిస్తే కింద గీత గీయండి. మూడు ఎంట్రీల్లో అదే బాధ, అవే మాటల్లో, కొత్త వివరం ఒక్కటీ లేకుండా వస్తే మీరు ఆలోచించడం ఆపి నెమరువేస్తున్నారన్నమాట. అప్పుడు ఆ విషయం మీద పెన్ను మూసేయండి. నడవండి, ఎవరితోనైనా మాట్లాడండి, వారం ఆగి చూడండి. "ఇది నాకే ఎందుకు జరుగుతోంది" అనే ప్రశ్న కాగితం మీద పెట్టినా జవాబు రాదు. "సరిగ్గా ఎక్కడ మొదలైంది" అని అడిగితే వస్తుంది.

ఏ భాష

మీ చేయి ఏది వేగంగా రాస్తే అది. అంతకంటే పెద్ద చర్చ అక్కర్లేదు. మన వైపు తెలుగు మాట్లాడుతూ ఒడియా అక్షరాల్లో రాసుకునేవాళ్లు బోలెడుమంది, నా విద్యార్థుల్లోనూ ఉండేవారు. మేనేజరు ఒడియాలో తిట్టారా, ఆ మాట ఒడియాలోనే ఉంచండి. మీ కోపం తెలుగులో వచ్చిందా, తెలుగులోనే ఉంచండి. ఇంట్లో ఎలా మాట్లాడతారో అలాగే రాయండి, పత్రికకు పంపే వ్యాసం కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడి బళ్లో పాఠాలు చెబుతూనే వాడుక భాష కోసం పోరాడారు. ఆ ఊరు నీళ్లు తాగి నేను మిమ్మల్ని గ్రాంథికంలో రాయమని చెప్పలేను.

తెలుగు లిపిలో రాస్తే ఇంకో లాభం కూడా ఉంది. మా ఇంట్లో పిల్లలంతా ఒడియా, ఇంగ్లీషు మీడియం. తెలుగు గలగలా మాట్లాడతారు, ఒక్క అక్షరం చదవలేరు. నా నోటుబుక్కు హాల్లో టీపాయ్ మీద పడి ఉన్నా తాళం వేసినట్టే. బాధగానూ ఉంటుంది, కానీ ఉన్నమాట.

గుట్టు సంగతి మీరు అడగలేదు గానీ అడగాల్సిందే. ఎవరైనా చదువుతారేమో అనే భయం ఉన్నప్పుడు మనిషి నిజం రాయడు. ఉమ్మడి ఇంట్లో, అత్తగారింట్లో ఉన్న ఆడపిల్లలకు ఇది మరీ కష్టం. నేను చెప్పే పద్ధతి: కక్కేసేది విడి కాగితం మీద కక్కేయండి, చింపి పొయ్యిలో వేయండి. దాచిపెట్టాలనే రూలేం లేదు. నోటుబుక్కులోకి మాత్రం ఆ మూడు ప్రశ్నల జవాబులే రానివ్వండి. అవి ఎవరైనా చదివినా కొంప మునగదు. ఫోన్లో రాసుకుంటానంటే రాసుకోండి, లాక్ ఉంటుంది, వెతకడం తేలిక. నాకు మాత్రం ఫోన్లో రాస్తుండగానే వాట్సాప్ మోగుతుంది, అక్కడితో సరి.

కృతజ్ఞతల జాబితా గురించి

రోజుకు మూడు మంచి విషయాలు రాయమని అందరూ చెప్తున్నారు. చేసి చూడండి, కానీ వారానికోసారి చాలు. రోజూ రాస్తే నాలుగో రోజుకే "అమ్మ, ఆరోగ్యం, ఉద్యోగం" అని అప్పజెప్పే పాఠమైపోతుంది. వారానికోసారి రాసినవాళ్లకు లాభం కనిపించి, వారానికి మూడుసార్లు రాసినవాళ్లకు కనిపించని పరిశోధన కూడా ఉంది. ఇక్కడా వివరమే ముఖ్యం. "స్నేహితుడు మంచివాడు" అని కాదు, "నైట్ షిఫ్టులో నాకు జ్వరమొస్తే నా రౌండ్లు తను వేసి రిజిస్టర్లో నా పేరే రాశాడు" అని. అలాంటిది వారానికి ఒకటి దొరికినా గొప్పే.

ఎప్పుడు రాయకూడదు

ఇది తేలిగ్గా తీసుకోకండి. పెద్ద దెబ్బ తగిలిన కొత్తలో, చావు, ప్రమాదం, ఇల్లు పోవడం లాంటివి, కూర్చోబెట్టి రాయించకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి మా జిల్లాను అతలాకుతలం చేసింది. కొండచరియలు విరిగిపడి మనుషులు పోయారు. బడులు తెరిచాక "తుఫాను రోజు నా అనుభవం" అని పిల్లల చేత వ్యాసం రాయిద్దామా అని ఒకరిద్దరు ట్రైనీలు అడిగారు. వద్దన్నాను. ఆడించండి, పాడించండి, వేళకు అన్నం తింటున్నారో లేదో చూడండి, చెప్పుకోవాలనిపించిన పిల్ల తనే చెబుతుంది, అప్పుడు వినండి అన్నాను. పెద్దవాళ్లకూ అంతే. పెనెబేకర్ కూడా తన పాఠకులకు ఇలాంటిదే చెప్తారు: ఏదైనా సంగతి రాస్తుంటే తట్టుకోలేననిపిస్తే అది ఆపేసి వేరేది రాయండి.

రెండు వారాలుగా నిద్ర, తిండి సరిగ్గా లేకపోయినా, ఏ పని మీదా మనసు పోకపోయినా, బతకడం దండగ అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా అది నోటుబుక్కు పని కాదు. డాక్టరును కలవండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి 14416 నంబరు మీద ఎప్పుడైనా, ఉచితంగా ఫోన్ చేయొచ్చు. భాష ఎంచుకునే వీలుంది కాబట్టి ఒడిశాలో ఉన్నా తెలుగులో అడగొచ్చు.

మీ విషయానికొస్తే

మీరు కామెంట్లో చెప్పిన సంగతినే కుడి పేజీలో ఎలా రాయొచ్చో చూపిస్తాను. మీరు చెప్పని వివరాలు ఊహించి వేశాను, మీవి మీరు వేసుకోండి.

"మంగళవారం, మధ్యాహ్నం 2 గంటలు, షిఫ్టు మారే టైము. కంట్రోల్ రూమ్ బయట. సార్, నేను, బి షిఫ్టు వాళ్లు ఇద్దరు. ఉదయం 11కి పంపు ఆగింది, 40 నిమిషాలు పట్టింది. నేను లాగ్ బుక్కులో రాశాను, సార్‌కి ఫోన్ చేయలేదు. సార్ అన్నది: 'పై ఆఫీసు వాళ్లు చెప్తే గానీ నాకు తెలియదా? నువ్వున్నది దేనికి?' నేను: 'లాగ్‌లో రాశాను సార్.' ఆయన: 'లాగ్ నేను ఇంట్లో కూర్చుని చదవాలా?' నేనేం మాట్లాడలేదు. చెవులు వేడెక్కాయి. బి షిఫ్టు వాళ్లు నేల చూశారు. వాళ్లలో ఒకడు ఇంటికెళ్లి చెబితే: పైవాళ్ల ముందు తెల్లమొహం వేయాల్సి వచ్చిందని సార్ మండిపడ్డాడు, అందరి ముందూ అనకుండా ఉండాల్సింది. వచ్చేసారి: అరగంట దాటిన ఏ బ్రేక్‌డౌన్ అయినా ముందు ఫోన్, తర్వాత లాగ్."

ఇలాంటివి నెలకు ఎనిమిదో పదో అవుతాయి. అవి చాలు. ఎడమ పేజీ రాసే ఆదివారం నాడు వాటిలో రెండు రకాలు కనిపించవచ్చు. కొన్నిటిలో మీరు ఒక్కటి మార్చుకుంటే గొడవ రాదు. వాటి మీద పని చేయండి.

ఇంకొన్నిటిలో మీరు ఫోన్ చేసినా తిట్టే, చేయకపోయినా తిట్టే, ఇంట్లోవాళ్లను, కులాన్ని, యాసను కలిపి తిట్టే ఉంటాయి. మీరు చెప్పినదాన్నిబట్టి అలాంటివీ ఉండొచ్చని నా అనుమానం. వాటిలో మీరు ఎదగాల్సిందేమీ లేదు, వెతికి వెతికి తప్పు మీ మీద వేసుకోకండి. తేదీ, టైము, అన్న మాటలు, ఎదురుగా ఎవరున్నారు అనేది మీ దగ్గర ఉంది కాబట్టి, రేపు పైవాళ్లకు ఫిర్యాదు చేయాలన్నా, ఉద్యోగం మారదామని ఇంట్లో చెప్పాలన్నా "సార్ మంచివాడు కాదు" అనే ఒక్క ముక్కతో నిలబడాల్సిన అవసరం ఉండదు. ఆ పేజీలు మాత్రం చింపకండి. ఫోటో తీసి సొంత ఫోన్లో ఉంచుకోండి, ఆఫీసు వాళ్లిచ్చిన ఫోన్లో వద్దు.